సముద్రం అడుగున మీథేను ఎవరు తింటున్నారు? ఒక ఈక్వేషను కథ

చిన్నప్పుడు వేసవి సెలవులకి దివిసీమలో మా తాతయ్యగారి ఊరు వెళ్తే మా పిల్లల గుంపుకి ఒక పనికిమాలిన ఆట ఉండేది. పొడుగాటి సరుగుడు కర్ర తీసుకుని చెరువు అడుగు బురదలో గుచ్చడం. గుచ్చగానే బుడబుడమని బుడగలొచ్చేవి. ఎవరు ఎక్కువ బుడగలు తెప్పిస్తే వాళ్ళు గెలిచినట్టు. "అది మన గోబర్ గ్యాసే రా" అనేవారు తాతయ్య, దొడ్లో ఉన్న ప్లాంటు చూపిస్తూ. చాలా ఏళ్ళ తర్వాత చదివాను, 1776లో ఇటలీలో మాజియోరే సరస్సు దగ్గర అలెస్సాండ్రో వోల్టా అనే పెద్దమనిషి సరిగ్గా ఇదే పని చేసి, ఆ బుడగల్ని పట్టి వెలిగించి చూశాడట. అదే మీథేను. ఆయన పేరు వోల్టు అయింది, నాకు మాత్రం బట్టలు పాడుచేసుకున్నందుకు వీపు మీద రెండు పడ్డాయి :)

ఇంతకీ సంగతేంటంటే, ఆ ఊరికి సముద్రం పట్టుమని పాతిక కిలోమీటర్లుండదు. చెరువులో ఉన్నలాంటి ఒండ్రునే కృష్ణమ్మ రోజూ మోసుకెళ్ళి సముద్రంలో పోస్తుంది. కుళ్ళే ఆకూ అలమూ అక్కడా ఉన్నాయి, ఆక్సిజను అక్కడి బురదలోనూ లేదు, మీథేను చేసే సూక్ష్మజీవులు అక్కడా ఉన్నాయి. మరి సముద్రం మన చెరువులా ఎందుకు బుడబుడలాడదు? భూమ్మీద డెబ్భై శాతం సముద్రమే కదా, గాలిలోకి వెళ్ళే మీథేనులో దాని వాటా చూస్తే ఒకటి రెండు శాతమే.

జవాబు చిన్నదే. తయారవుతుంది కానీ పైకి రాదు. సముద్రపు బురదలో పుట్టే మీథేనులో దాదాపు తొంభై శాతాన్ని, అది నీళ్ళలోకి చేరకముందే, ఆక్సిజను అక్కర్లేని జీవులు తినేస్తాయి. ఈ జవాబు దొరికిన తీరు మాత్రం చిన్న కథ కాదు. తినేవాడు సూక్ష్మదర్శినిలో కనపడింది 2000లో. తింటున్నాడని ఒక గ్రాఫులో వంపు చూసి లెక్క కట్టింది 1976లో. ఆ ఇరవై నాలుగేళ్ళూ మోడలు ఉంది, జీవి లేదు. ఈ కథ నాకెందుకు పట్టుకుందో ముందు చెప్పాలి.

నేను పనిచేసే ప్రాజెక్టులో ఒక కెపాసిటీ మోడలు ఉంది. పండగ రోజుల్లో ఎన్ని సర్వర్లు కావాలో అది చెప్తుంది. దాని కాన్ఫిగ్ ఫైల్లో ఒక సంఖ్య ఉంది, 0.73. ఎక్కడిదని అడిగితే ఎవరికీ తెలీదు. రాసినాయన ఎప్పుడో మానేసి వెళ్ళిపోయాడు. "గ్రాఫు కరెక్టుగా కూర్చుంటోందిగా, ముట్టుకోకు" అన్నారు పైవాళ్ళు. మూడేళ్ళు నిజంగానే కూర్చుంది. నాలుగో ఏడు దసరాకి వాడకం తీరే మారిపోయింది, మోడలు ఘోరంగా తప్పింది. రెండు రాత్రులు నిద్ర లేదు. తర్వాత మీటింగులో అందరూ ఒకటే ప్రశ్న: "ఇన్నాళ్ళూ కరెక్టుగా చెప్పిన మోడలు ఇప్పుడెలా తప్పింది?" నా బుర్రలో తిరిగిన ప్రశ్న వేరు. ఇన్నాళ్ళూ అది కరెక్టుగా చెప్పడానికి కారణం ఏమిటి? ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ వెతుకుతూ నేను వెళ్ళి పడింది సముద్రపు బురదలో.

సరే, కథలోకి వద్దాం.

1964లో రాబర్ట్ బెర్నర్ అనే భూరసాయన శాస్త్రవేత్త ఒక పేపరు రాశాడు. సముద్రపు బురదలో కరిగిన సల్ఫేటు లోతుతో పాటు ఎలా తగ్గుతుందో చెప్పే ఆదర్శ మోడలు అది. అందులో ఆలోచన మన ఇంజినీరింగు రెండో ఏడు లెక్కల పుస్తకంలో ఉన్నంతే. బురదని నిలువు గొట్టం అనుకోండి. ఏదైనా ఒక లోతులో ఒక పదార్థం గాఢత మారాలంటే మూడే దారులు. ఒకటి డిఫ్యూజను (తెలుగు మీడియంలో వ్యాపనం అని చదువుకున్నాం), అంటే ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పాకడం. రెండోది పైన కొత్త బురద పడుతూ ఉంటే పాతది కిందకి కూరుకుపోవడం. మూడోది రసాయన చర్య. ఈ మూడిటినీ కూడితే ఒక డిఫరెన్షియల్ ఈక్వేషను. కాలంతో మార్పు లేదనుకుంటే దాన్ని కాయితం మీదే సాధించొచ్చు, కంప్యూటరు కూడా అక్కర్లేదు. 1980లో బెర్నర్ ఇదంతా విస్తరించి "ఎర్లీ డయాజెనెసిస్" అని పుస్తకం వేశాడు. ఈ రంగంలో మోడళ్ళు రాసేవాళ్ళకి అదే పెద్దబాలశిక్ష.

ఈ ఈక్వేషనులో ఒక చక్కటి గుణం ఉంది. కూరుకుపోవడాన్ని కాసేపు పక్కన పెడితే, చర్య ఏమీ జరగని చోట గాఢత గీత తిన్నగా ఉంటుంది. గీత వంగిందంటే అక్కడ ఎవరో తింటున్నారనో, ఎవరో తయారు చేస్తున్నారనో అర్థం. ఏ వైపు వంగిందన్నదాన్ని బట్టి తినడమా, చేయడమా అన్నది తేలుతుంది. ఎంత వేగంగా అన్నది వంపు ఎంత ఉందో అంత, అంటే రెండో డెరివేటివ్. జీవిని చూడకుండానే దాని ఆకలి కొలవొచ్చు.

ఇప్పుడు సముద్రానికీ చెరువుకీ తేడా చూద్దాం. సముద్రపు నీటిలో సల్ఫేటు లీటరుకి 28 మిల్లీమోల్ ఉంటుంది, మంచినీటి చెరువులో నామమాత్రం. ఆక్సిజను అయిపోయాక బురదలోని బాక్టీరియా ఈ సల్ఫేటుతో ఊపిరి పీల్చుకుంటాయి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన అందుకే. సల్ఫేటు కూడా అయిపోయిన లోతులో మీథేను తయారీ మొదలవుతుంది. పై నుంచి సల్ఫేటు కిందకి పాకుతుంది, కింద నుంచి మీథేను పైకి పాకుతుంది. 1974లో మార్టెన్స్, బెర్నర్ ఇద్దరూ అమెరికాలో లాంగ్ ఐలాండ్ సౌండ్ బురదలో ఇది కొలిచి, సల్ఫేటు దాదాపు అయిపోయేదాకా మీథేను పోగవదని చూపించారు.

కింద పుట్టిన మీథేనుని ఎవరూ ముట్టుకోకపోతే దాని గీత పైదాకా తిన్నగా రావాలి కదా. రాలేదు. సల్ఫేటు ఉన్న పొర దగ్గరికి రాగానే గిన్నె అడుగులా వంగి సున్నాకి పడిపోయింది. సరిగ్గా అక్కడే సల్ఫేటు గీత కూడా పై నుంచి వచ్చి సున్నాకి పడుతుంది. 1976లో రెండు వేర్వేరు చోట్ల నుంచి ఇదే మాట వచ్చింది. కాలిఫోర్నియా దగ్గర శాంటా బార్బరా బేసిన్ బురదలో బార్న్స్, గోల్డ్‌బర్గ్. వెనిజులా దగ్గర కారియాకో అగాధంలో అలాస్కా విశ్వవిద్యాలయం నుంచి విలియం రీబర్గ్. ఆక్సిజను ఏమాత్రం లేని చోట, సల్ఫేటు సాయంతో, ఎవరో మీథేనుని తింటున్నారని వాళ్ళ తీర్మానం.

సూక్ష్మజీవుల శాస్త్రవేత్తలకి ఇది సులభంగా మింగుడుపడే మాట కాదు. వాళ్ళ అభ్యంతరంలో న్యాయం ఉంది. మీథేనులో కార్బను-హైడ్రోజను బంధం తెంపాలంటే మోలుకి దాదాపు 440 కిలోజౌళ్ళు కావాలి. అప్పటికి తెలిసిన మీథేను భోజనప్రియులన్నీ ఆ పనికి ఆక్సిజనునే గొడ్డలిగా వాడతాయి. పైగా ఆక్సిజనుతో కాలిస్తే మోలుకి ఎనిమిది వందల కిలోజౌళ్ళ పైన శక్తి వస్తుంది, అదే సల్ఫేటుతో అయితే బురదలోని పరిస్థితుల్లో 20 నుంచి 40 మాత్రమే. అంత కూలికి ఏ జీవి పని చేస్తుంది? పట్టుకొచ్చి సీసాలో పెంచి చూపించండి అన్నారు. ఎవరి వల్లా కాలేదు.

గ్రాఫు మీద కూడా అనుమానాలు రావడానికి చోటుంది. రెండో డెరివేటివ్ తీస్తే నాయిస్ ఎంత పెరుగుతుందో మనలో సిగ్నల్ ప్రాసెసింగు చదివినవాళ్ళకి తెలుసు. ఇంకో తంటా ఏంటంటే, లోతు సముద్రం నుంచి బురద గొట్టాన్ని పైకి లాగుతుంటే ఒత్తిడి తగ్గి, సోడా బుడ్డి మూత తీసినట్టు మీథేను బుస్సుమని పోతుంది. సగం గ్యాసు పోయాక కొలిచిన అంకెని ఎంత నమ్ముతాం? సల్ఫేటుకి ఆ బాధ లేదు, ఉప్పు కాబట్టి పారిపోదు. అందుకే లోతు సముద్రంలో మీథేను ఎంత పైకొస్తోందో తెలియాలంటే చాలామంది సల్ఫేటు గీతనే చూస్తారు. ఒక మీథేనుకి ఒక సల్ఫేటు ఖర్చవుతుంది కాబట్టి ఒకదాని ప్రవాహం తెలిస్తే రెండోది తెలిసినట్టే. 1996లో బొరోవ్‌స్కీ, పాల్, ఉస్లర్ ఈ సూత్రాన్నే వాడి, సల్ఫేటు తిన్నటి గీత వాలు నుంచి కింద గ్యాస్ హైడ్రేట్లు ఉన్న చోట మీథేను ప్రవాహాన్ని అంచనా కట్టారు.

చిటికెలో మనమూ ఒక లెక్క వేద్దాం. సల్ఫేటు 10 మీటర్ల లోతులో సున్నా అయిందనుకోండి. బురదలో దాని డిఫ్యూజన్ గుణకం సెకనుకి 3×10⁻¹⁰ చదరపు మీటర్లు, బురదలో నీటి భాగం 0.7 అనుకుందాం. ఘనపు మీటరుకి 28 మోల్ తేడాని 10 మీటర్లతో భాగించి, ఆ రెండిటితో హెచ్చించి, ఏడాదికి మారిస్తే చదరపు మీటరుకి సుమారు 0.02 మోల్. అంటే ఏడాదికి గ్రాములో మూడో వంతు మీథేను. మంచం అంత చోటులో ఏడాదికి చిటికెడు. ప్రపంచం మొత్తానికి కూడితే మాత్రం చిటికెడు కాదు. 2018లో ఎగ్గర్ బృందం లెక్క ప్రకారం ఇలా పాకుతూ పైకొచ్చి ఆ పొరకి చేరే మీథేను ఏడాదికి 4.5 నుంచి 6.1 కోట్ల టన్నులు.

మళ్ళీ కథకి. 1985లో ఐవెర్సన్, యోర్గెన్సన్ డెన్మార్క్ దగ్గర కాటెగాట్, స్కాగెరాక్ బురదల్లో రేడియోధార్మిక కార్బను, గంధకం వాడి ఆ పొరలోనే మీథేను ఆక్సీకరణం జరుగుతోందని కొలిచి చూపించారు. తింటున్నారు అన్నది తేలిపోయింది. ఎవరన్నది తేలలేదు. అదే ఏడాది ఆల్పరిన్, రీబర్గ్ ఇంకో చిక్కుముడి వేశారు. సల్ఫేటు బాక్టీరియాని మాలిబ్డేటు అనే విషంతో ఆపితే మీథేను తినడం కూడా ఆగాలి కదా, ఆగలేదు! అంటే సల్ఫేటు బాక్టీరియాయే నేరుగా తింటోందన్న సులువైన జవాబు చెల్లలేదు. 1994లో హోలర్, ఆల్పరిన్, ఆల్బర్ట్, మార్టెన్స్ నలుగురూ నార్త్ కరోలినాలోని కేప్ లుకౌట్ బైట్ బురద మీద పనిచేసి ఒక ఊహ ముందు పెట్టారు. ఇది ఒక్కడి పని కాదు, ఇద్దరి కూటమి. మీథేను తయారుచేసే ఆర్కియా జాతిలోనే ఎవరో తమ యంత్రాన్ని వెనక్కి తిప్పి మీథేనుని విడగొట్టి హైడ్రోజను వదులుతున్నారు. పక్కనున్న సల్ఫేటు బాక్టీరియా ఆ హైడ్రోజనుని వెంటనే ఊడ్చేస్తోంది కాబట్టి ఆ వెనక్కి తిప్పడం గిట్టుబాటవుతోంది. అందమైన ఊహ. అప్పటికి మాత్రం ఊహే.

ఈలోగా కంప్యూటర్లు అందరి బల్లల మీదకీ వచ్చాయి. 1996 ఒక్క ఏడాదిలోనే బురద మొత్తాన్ని లెక్క కట్టే మోడళ్ళు మూడు అచ్చయ్యాయి: బుడ్రో వాళ్ళది, వాన్ కాపెలెన్-వాంగ్‌లది, సోటార్ట్ బృందానిది. ఇప్పుడు ఒక్క సల్ఫేటు కాదు, ఆక్సిజను, నైట్రేటు, మాంగనీసు, ఇనుము, అన్నీ కలిపి ఒకేసారి. గొట్టాన్ని పలచటి ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఒక్కో పదార్థానికి ఒక్కో ఈక్వేషను రాసి, సాల్వరుకి అప్పజెప్పడం. ఇక్కడ తలనొప్పి ఏంటంటే, కొన్ని చర్యలు క్షణాల్లో అయిపోతాయి, డిఫ్యూజను మాత్రం మీటరు దాటడానికి కొన్ని పదుల ఏళ్ళు తీసుకుంటుంది. దూరం పది రెట్లయితే కాలం వంద రెట్లు, అంటే పది మీటర్లకి వేల ఏళ్ళు. ఒకే ప్రోగ్రాములో క్షణమూ, సహస్రాబ్దీ పక్కపక్కన పరిగెత్తాలి. స్టిఫ్ ఈక్వేషన్లతో కుస్తీ పట్టినవాళ్ళకి ఈ బాధ చెప్పక్కర్లేదు.

వాళ్ళ ఈక్వేషనుల్లో మీథేను తినే వేగం ఎలా రాశారో చూస్తే నాకు నా 0.73 గుర్తొచ్చింది. చాలా మోడళ్ళలో అది k × మీథేను × సల్ఫేటు, అంతే. తినేవాడు ఎవరు, ఎంతమంది, ఎంత వేగంగా పెరుగుతారు, ఇవన్నీ ఆ ఒక్క k అనే అక్షరంలో మూటకట్టేశారు. 2011లో రెన్యే బృందం అప్పటిదాకా వచ్చిన ఇలాంటి మోడళ్ళన్నిటినీ ఒకచోట పేర్చి సమీక్షించింది. ఒక్కో చోట ఒక్కో k, కొన్నిటి మధ్య తేడా ఎన్నో వేల రెట్లు. అయినా ప్రతి చోటా గ్రాఫు మాత్రం చక్కగా కూర్చుంది!

ఇదెలా సాధ్యమని ఒక శనివారం పైథాన్‌లో నేనే రాసి చూశాను. పట్టుమని ఎనభై లైన్లు. పైన సల్ఫేటు 28, కింద మీథేను, మధ్యలో 400 ముక్కలు. k ని వెయ్యి రెట్లు పెంచి మళ్ళీ పరిగెత్తించాను. రెండు గీతలూ కలిసే లోతు దాదాపు కదల్లేదు. ప్రవాహం మారలేదు. మారిందల్లా ఒకటే, తిండి జరిగే పట్టీ మందం పదో వంతుకి తగ్గింది. తర్వాత కాయితం మీద వేసుకుంటే తెలిసింది, ఆ మందం k ఘనమూలానికి విలోమంగా ఉంటుందని. అంటే వెయ్యి రెట్ల మార్పుని గ్రాఫులో పది రెట్లుగా చూస్తాం, అదీ సన్నటి పట్టీలో. అంత సన్నటి చోట ఎవరు కొలిచారు గనక!

కారణం ఇదీ. తినేవాడు బాగా ఆకలి మీదున్నాడు, తిండి మెల్లగా వస్తోంది. బంతిలో కూర్చున్నవాడు ఎంత వేగంగా తినగలడన్నది లెక్కలోకే రాదు, వడ్డించేవాడి నడక ఒక్కటే లెక్క. ఇక్కడ వడ్డించేది డిఫ్యూజను. కాబట్టి "ఎంత?" అన్న ప్రశ్నకి మోడలు జీవి ముఖం చూడకుండానే సరైన జవాబిస్తుంది. "ఎవరు?", "ఎలా?" అన్న ప్రశ్నలకి అదే మోడలు పూర్తిగా గుడ్డిది. గ్రాఫు కూర్చోవడం ఈ రెండిట్లో మొదటిదానికే సాక్ష్యం. నా 0.73 సంగతీ ఇంతేనని అప్పుడు వెలిగింది. మూడేళ్ళు అడ్డంకి ఇంకెక్కడో ఉంది, ఆ సంఖ్య ఏదైనా గ్రాఫు కూర్చునేది. అడ్డంకి మారిన రోజున సంఖ్య బండారం బయటపడింది.

సముద్రంలో ఆ గుడ్డితనం పోయింది 1999-2001 మధ్యలో. 1999లో హిన్రిక్స్ బృందం కాలిఫోర్నియా దగ్గర ఈల్ రివర్ బేసిన్ బురదలో ఆర్కియాల కొవ్వు పదార్థాలు పట్టుకుంది. వాటిలో బరువైన కార్బను-13 విపరీతంగా తక్కువ. మీథేను కార్బనుకి ఉండే ముద్ర అదే, అంటే వీళ్ళ ఒళ్ళు మీథేను తిని పెరిగిన ఒళ్ళు. 2000లో ఆంట్యే బోయ్‌టియస్ బృందం ఒరెగాన్ దగ్గర హైడ్రేట్ రిడ్జ్ బురదకి జీవజాతిని బట్టి మెరిసే రంగులు పట్టించి సూక్ష్మదర్శినిలో చూసింది. లడ్డూలా ముద్దలు. లోపల సుమారు వంద ఆర్కియా కణాలు, చుట్టూ గుల్లలా సల్ఫేటు బాక్టీరియా. 1994 నాటి కూటమి ఊహకి ఫోటో వచ్చేసింది. 2001లో ఆర్ఫన్ బృందం ఒక్కో ముద్దలోని కార్బనుని విడిగా కొలిచి, ఈ ముద్దలే తింటున్నాయని ఖాయం చేసింది. తర్వాత 2010లో షెల్లర్ బృందం, మీథేను తయారీలో ఆఖరి మెట్టు నడిపే నికెల్ ఎంజైము నిజంగానే వెనక్కి తిరగగలదని ప్రయోగశాలలో చూపించింది.

ఇక్కడితో అయిపోలేదు. అసలు మజా ఇప్పుడే. ఈసారి మోడలు చేసిన పని జవాబు చెప్పడం కాదు, కాదనడం.

ఇద్దరూ కలిసి తింటున్నారు సరే, ఒకరి నుంచి ఇంకొకరికి ఏం వెళ్తోంది? ఒక్కో మీథేను నుంచి ఎనిమిది ఎలక్ట్రానులు చేతులు మారాలి. హైడ్రోజనుగా వెళ్తున్నాయా? అందరికీ నచ్చిన ఊహ అదే. 2001లో సోరెన్సన్, ఫిన్‌స్టర్, రామ్సింగ్ లెక్క వేసి హైడ్రోజనూ కాదు, అసిటేటూ కాదు, మిథనాలూ కాదన్నారు. 2008లో బెత్ ఓర్కట్, క్రిస్టాఫ్ మైలె ఆ లడ్డూనే కంప్యూటరులో కట్టారు. బురద మొత్తం గొట్టం కాదు, కొన్ని మైక్రాన్ల గోళం. లోపల ఆర్కియా, బయట బాక్టీరియా, మధ్యలో డిఫ్యూజను, ప్రతి చోటా శక్తి లెక్క.

మనవాళ్ళ భాషలో చెప్పాలంటే ఇది ప్రొడ్యూసర్-కన్స్యూమర్ సమస్య. ఆర్కియా హైడ్రోజను తయారుచేసి క్యూలో పెట్టాలి, బాక్టీరియా తీసుకోవాలి. డిఫ్యూజను వేగంగా జరగాలంటే ఆర్కియా వైపు హైడ్రోజను బాగా పోగవ్వాలి, ఎత్తు ఉంటేనే కదా పల్లానికి పారేది. కానీ హైడ్రోజను కాస్త పోగైతే చాలు, ఆర్కియాకి గిట్టుబాటు పోతుంది, వచ్చే శక్తి బతకడానికి చాలదు, పని ఆపేస్తుంది. క్యూ నిండితే ప్రొడ్యూసరు చస్తాడు, నిండకపోతే కన్స్యూమరుకి చేరదు. హైడ్రోజను, ఫార్మేటు, అసిటేటు, ఏది పెట్టి చూసినా ప్రయోగశాలలో కొలిచిన వేగానికి మోడలు అందుకోలేకపోయింది. k లాంటి అక్షరం సర్దితే సరిపోయే లోటు కాదు, సరుకు రవాణా పద్ధతే వేరే అయ్యుండాలి.

2012లో మిలూకా బృందం, ఆర్కియాయే సల్ఫేటుని గంధకం దాకా తెచ్చి బాక్టీరియాకి ఇస్తోందేమో అన్న వాదన తెచ్చింది. 2015లో ఒకే పత్రిక, నేచర్‌లో, రెండు బృందాల పేపర్లు వచ్చాయి. కాలిఫోర్నియాలో కాల్‌టెక్ నుంచి మెగ్లిన్ బృందం ముద్దలో ఒక్కో కణం ఎంత చురుగ్గా ఉందో కొలిచింది. డిఫ్యూజనుతో సరుకు వెళ్తుంటే భాగస్వామికి దూరంగా ఉన్న కణం నీరసంగా ఉండాలి. అలా లేదు, దూరంతో సంబంధం లేకుండా అందరూ చురుగ్గానే ఉన్నారు. జర్మనీలో బ్రెమెన్ నుంచి వెగెనర్ బృందం, వేడి ఇష్టపడే కూటముల్లో కణాల మధ్య తీగల్లాంటి నిర్మాణాలు చూసింది. అంటే క్యూ లేదు, నేరుగా వైరింగే! ఎలక్ట్రానులు ఇనుముతో కూడిన సైటోక్రోము ప్రోటీన్ల మీదుగా కరెంటులా వెళ్తున్నాయి. 2016లో షెల్లర్ బృందం ఎలక్ట్రానులు తీసుకునే కృత్రిమ రసాయనం అందిస్తే, సల్ఫేటు భాగస్వామి పని చేయకపోయినా ఆర్కియా మీథేను తింటూనే ఉందని చూపించింది. 2019లో మైలె వాళ్ళ బృందం ఈ కొత్త కొలతలని పెట్టి మళ్ళీ మోడలు కట్టింది. తీగల పద్ధతికే లెక్క కుదిరింది. పైథాన్‌లో బురద ఆడుకుని మొదలెట్టిన నేను వోల్టు దగ్గరికి వచ్చి ఆగాను. మాజియోరేలో బుడగలు పట్టినాయన తర్వాత కరెంటు బ్యాటరీ చేశాడు కదా, ఆయన చూసుంటే ఎంత సంబరపడేవాడో.

"ఎంత" అన్నదానికి పాత మోడలు చాలు అన్నావు కదా, మరి ఈ "ఎలా" తెలిసి ఏం లాభం అంటారా? రేపు మారితే అన్నదే లాభం. సముద్రం వేడెక్కి అడుగున గడ్డకట్టిన హైడ్రేట్లు కరిగితే మీథేను ఇప్పటి లెక్కన మెల్లగా రాదు. అప్పుడు వడ్డన నడకతో పాటు తినేవాడి ఆకలి కూడా లెక్కలోకొస్తుంది. ప్రయోగశాలలో ఈ కూటములు రెట్టింపవడానికి సుమారు ఏడు నెలలు పట్టిందని 2007లో నౌహౌస్ బృందం కొలిచింది. ఇరవై నిమిషాల్లో రెట్టింపయ్యే మన కడుపులోని ఈ-కోలైతో పోల్చుకోండి. వండినవన్నీ ఒకేసారి తెచ్చి పోస్తే బంతిలో మనుషులు చాలరు, కొత్తవాళ్ళు పుట్టేలోగా మిగిలింది పైకి పోతుంది. డేల్, రెన్యే, వాన్ కాపెలెన్ 2006 నుంచి k బదులు జీవుల సంఖ్యనీ, వాటికి మిగిలే శక్తినీ ఈక్వేషనులో పెట్టి లెక్కలు కట్టింది ఇందుకే. స్థిరంగా ఉన్న రోజుల్లో రెండు మోడళ్ళూ ఒకటే చెప్తాయి. మార్పు వచ్చిన రోజున విడిపోతాయి.

ఇది ఎక్కడో ఒరెగాన్ సంగతి కూడా కాదు. 2006లో జోయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ మన దేశపు హైడ్రేట్ల యాత్రలో భాగంగా కృష్ణా-గోదావరి బేసిన్‌లో తవ్వింది. సుమారు వెయ్యి మీటర్ల నీటి కింద, పగుళ్ళిచ్చిన బంకమట్టిలో దాదాపు 130 మీటర్ల మందాన హైడ్రేటు దొరికింది. 2009లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్ళ పేపరులో, అదే బేసిన్ బురదలో ఎప్పుడో పారిన మీథేను ఊటల ఆనవాళ్ళున్నాయి: ఆ ఊటల దగ్గర బతికే ఆల్చిప్పలు, మీథేను కార్బనుతో గట్టిపడిన సున్నపు రాళ్ళు. మన లడ్డూ కూటములు తిని వదిలిన బైకార్బనేటే అలా రాయవుతుంది. నేను కర్రతో గుచ్చిన చెరువుకి కృష్ణ వదిలిన ఒండ్రే, ఇంకాస్త ముందుకెళ్ళి, అక్కడ వాళ్ళకి ఆహారమవుతోంది. ఆ హైడ్రేటుని ఇంధనంగా తవ్వి తీయాలన్న ఆలోచన ఉంది కాబట్టి, పైన కాపలా ఉన్న ఆ సన్నటి పట్టీ ఎంత తట్టుకుంటుందన్నది మన ఇంటి లెక్కే.

చివరగా నా గోల. ఈ కథలో 1976 నాటి వాళ్ళు నాకు ఎందుకు నచ్చారంటే, వాళ్ళు తమ మోడలు చెప్పగలిగినంతే చెప్పారు. "ఎవరో తింటున్నారు, ఇంత తింటున్నారు, ఎవరో మాకు తెలీదు." ఆ మూడో ముక్కని దాచలేదు కాబట్టే తర్వాతి వాళ్ళు ఇరవై నాలుగేళ్ళు వెతికారు. మా కాన్ఫిగ్ ఫైల్లో ఆ మూడో ముక్క లేదు. రాసినాయనకి అది అంచనా సంఖ్య అని తెలుసుండాలి, కానీ ఫైల్లో ఉన్నది 0.73 అనే ధైర్యమైన అంకె ఒక్కటే.

పోయిన సోమవారం ఆ సంఖ్య పక్కన మూడు లైన్ల కామెంటు రాశాను. ఇది ఏ డేటా మీద సర్దినది, ఏ పరిస్థితిలో దీని విలువ ఏదైనా గ్రాఫు కూర్చుంటుంది, ఏది మారితే దీన్ని నమ్మకూడదు. రివ్యూలో మా లీడు "కోడు మారలేదు కదా, ఇదెందుకు?" అని అడిగాడు. బురద కథంతా చెప్పాను. అరగంట విన్నాడు. అప్రూవ్ చేశాడు గానీ, విసుగొచ్చి చేశాడో, అర్థమై చేశాడో మాత్రం గ్రాఫులో తెలీలేదు :)